ఎండబెట్టిన ల్యాప్‌టాప్

చేతికొచ్చిన ఉద్యోగాన్ని స్లాబు మీద, మండుటెండలో, అప్పడంలా ఎలా ఎండబెట్టుకోవచ్చో నాకంటే బాగా తెలిసినవాళ్లు మా కట్టంగూర్ చుట్టుపక్కల లేరు. ఆ విద్య నాకెవరూ నేర్పలేదు. స్వయంగా కూర్చుని, గీత గీసి మరీ సాధించాను. చెబుతాను, మీరు మాత్రం కాస్త నీడలో కూర్చుని వినండి.

కరోనా రోజుల్లో హైదరాబాద్‌లోని మా చిన్న కంపెనీ అందరినీ ఇళ్లకు పంపేసింది. నా ఉద్యోగం అప్పటికింకా పక్కా కాలేదు. పని చూసి చెబుతామన్నారు. నా ల్యాప్‌టాప్ మా బాపు పొట్టేళ్లను అమ్మి కొనిచ్చింది కాబట్టి మా అవ్వ దాన్ని "పొట్టేలు" అనే పిలిచేది. పొద్దున్నే తలుపు సందులోంచి తొంగి చూసి, పొట్టేలు మేత మేసిందా అని అడిగేది. ఛార్జింగ్ పెట్టావా అని దానర్థం.

ఎండలు ముదిరేసరికి ఆ పొట్టేలు అరవడం మొదలుపెట్టింది. లోపలి ఫ్యాన్ ఒకసారి అందుకుందంటే ఆగేది కాదు. మీటింగుల్లో నేను నోరు తెరిస్తే నా గొంతు కంటే ముందు అది వినిపించేది. మా టీమ్‌కు పెద్ద మురళి సార్. మర్యాదస్తుడు. ఓ రోజు అందరూ వింటుండగా ఎంతో నెమ్మదిగా అడిగారు.

"సునీతా, మీ ఇంటి పక్కన పిండిమర ఏమైనా ఉందా?"

గిర్ని కాదు సార్, నా ల్యాప్‌టాపే అని చెప్పడానికి సిగ్గేసి, ఉంది సార్ అన్నాను. ఆ రోజు నుంచి మీటింగ్ మొదలవగానే ఎవరో ఒకరు, సునీత గారింట్లో ఇవాళ జొన్నలా గోధుమలా అని అడిగేవారు. పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంజనీరింగ్ చదివి ఒక ఫ్యాన్ నోరు మూయించలేనా అనుకున్నాను. ఇంటర్నెట్ అంతా గాలించి, ఫ్యాన్‌ను మన చెప్పుచేతల్లో ఉంచే ప్రోగ్రాం ఒకటి పట్టుకొచ్చి ఎక్కించాను.

అందులో ఒక పటం ఉంటుంది. ఎంత వేడికి ఫ్యాన్ ఎంత జోరుగా తిరగాలో మనమే గీత గీసి చెప్పాలి. గీత ఎంత పైన ఉంటే అంత జోరు. ఎడమ చివర బాగా వేడి, కుడి చివర బాగా చల్లన అనుకుని, ఎడమ వైపు పైనుంచి కుడి వైపు కిందికి జారుడుబండలా అందమైన గీత గీశాను. ప్రోగ్రాం రాసినవాడు మాత్రం చల్లదనాన్ని ఎడమ వైపు, వేడిని కుడి వైపు పెట్టుకున్నాడు. ఆ ముక్క పటం అడుగునే రాసి ఉంది. చదివితే కదా. అంటే నా గీత ప్రకారం ల్యాప్‌టాప్ చల్లగా ఉంటే ఫ్యాన్ పిచ్చిగా తిరుగుతుంది. కాగిపోతుంటే ఆగిపోతుంది. ఈ సంగతి మీకు ఇప్పుడే తెలిసిపోయింది. అదృష్టవంతులు. నాకు తెలిసేసరికి జరగాల్సిందంతా జరిగిపోయింది.

మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ తెరవగానే ఫ్యాన్ గోల గోల చేసింది. కాసేపటికి దానంతటదే సద్దుమణిగింది. కచేరీకి ముందు గొంతు సవరించుకున్నట్టుంది, ఇక నెమ్మదిస్తుంది అనుకున్నాను. నిజంగానే మీటింగులో చడీచప్పుడు లేదు. పిండిమర అమ్మేశారా అని సార్ మెచ్చుకున్నారు. నేను గర్వంతో ఉబ్బాను. ఉబ్బింది నేనొక్కదాన్నే కాదు, లోపల బ్యాటరీ కూడా ఉబ్బుతుందేమో అన్నంతగా వేడెక్కింది ఆ పెట్టె. మీటలు ముట్టుకుంటే వేళ్లు చురుక్కుమంటున్నాయి. తెర మీద బాణం గుర్తు నడివేసవిలో ఎద్దుబండిలా కదులుతోంది.

అప్పటినుంచి నాకు కూర్చున్నచోట నిలకడ లేదు. ల్యాప్‌టాప్‌ను చంకనెత్తుకుని కూలర్ ముందుకు పరిగెత్తాను. చల్లగాలి తగిలిందో లేదో, ఫ్యాన్ రయ్యిమని లేచింది. బెదిరిపోయి వెనక్కి తెచ్చేశాను. కాసేపటికి నిశ్శబ్దం. మంచినీళ్ల రంజన్ కుండ పక్కన తడి ఇసుక మీద పళ్లెం వేసి, దాని మీద పెట్టి చూశాను. మళ్లీ రయ్యిమంది. తడి గోనెసంచి కట్టిన కిటికీ దగ్గరికి తీసుకెళ్తే ఏకంగా విమానంలా హోరెత్తింది. వంటింటి నుంచి గొర్రెల దొడ్డి దాకా నేను తిరగని జాగా లేదు. ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ అరుస్తుంది. ఎక్కడ ఉడుకుతుంటే అక్కడ మౌనం పాటిస్తుంది. తానొకటి తలిస్తే ఫ్యాన్ ఒకటి తలిచింది.

నా తిరుగుడంతా గడప మీద కూర్చుని చూసిన అవ్వ తేల్చి చెప్పేసింది.

"దానికి సల్లదనం పడుతలేదు బిడ్డా. సర్ది అయింది. గొర్రెకు సలి తగిలితే ఏంజేస్తం? ఎండల కట్టేస్తం."

నేను పగలబడి నవ్వాను. గదిలోకొచ్చి తలుపేసుకుని ఆలోచించాను. చూసిన ప్రతిదీ అవ్వ మాటకే సాక్ష్యం చెబుతోంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు పోలేదు, అవ్వ దగ్గర తాకట్టు పడింది, అంతే.

మరుసటి రోజే అసలు పరీక్ష. నల్లగొండ వైపు బత్తాయిల వ్యాపారం చేసే ఒక సేటు తన కోల్డ్ స్టోరేజీ కోసం మా ప్రోగ్రాం చూస్తానన్నాడు. గదిలో వేడి పెరగబోతుంటే ముందే కనిపెట్టి సేటు ఫోన్‌కు కబురు పంపడం దాని పని. చూపించాల్సింది నేను. సేటుకు నచ్చితే నా ఉద్యోగం పక్కా. చిన్న శబ్దం కూడా రాకూడదని సార్ ముందే హెచ్చరించారు.

అంతే, మిట్టమధ్యాహ్నం స్లాబు ఎక్కాను. స్టూలు మీద ల్యాప్‌టాప్‌ను సూర్యుడికి అభిముఖంగా పెట్టి, నేను మాత్రం గొడుగు కింద కూర్చున్నాను. ఫ్యాన్ చప్పుడు లేదు. మందను నీడకు తోలి వచ్చిన బాపు కింది నుంచి చూసి, మెట్లెక్కి వచ్చాడు.

"ఏంది బిడ్డా, గా డబ్బను ఎండల వెట్టి నువ్వు గొడుగు కింద కూసున్నవ్?"

"ఎండల ఉంటేనే సప్పుడు జేస్తలేదు బాపు."

"సప్పుడు జేస్తలేదంటే మంచిగున్నట్టేనా? సచ్చిన గొర్రె గూడ సప్పుడు జెయ్యది."

ఇది కంప్యూటర్ బాపు, గొర్రె కాదు అని పంపించేశాను. రాత్రే దాన్ని గొర్రెగా ఒప్పుకున్న సంగతి ఆయనకు చెప్పలేదు.

మీటింగ్ మొదలైంది. మురళి సార్ తియ్యగా పరిచయం చేశారు. నేను అందుకున్నాను. బత్తాయిల గది బొమ్మ వచ్చింది, వేడిని చూపే ముల్లు వచ్చింది. బాణం గుర్తు కదలడానికి బద్ధకిస్తుంటే, కావాలనే నిదానంగా చూపిస్తున్నాను సేటూ అని సర్దుకున్నాను. "మా ప్రోగ్రాం ఉంటే వేడి మీకు తెలియకుండా ఒక్క అడుగు కూడా..." అంటున్నానో లేదో, తెర నల్లబడింది. మీట నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఎత్తబోతే చేతులు చుర్రుమన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారని సామెత. నేను చున్నీ పట్టుకున్నాను. పెనం మీది రొట్టెను చుట్టినట్టు చుట్టుకుని మెట్ల మీద నుంచి దూకినంత పని చేసి కూలర్ ముందు పడేశాను. గదిలో గుండ్రంగా తిరుగుతున్నాను, గోళ్లు కొరుకుతున్నాను, ఫోన్ మోగుతోంది. ఎత్తితే, "సేటును ఎలాగో మాటల్లో పెట్టాను, త్వరగా రా" అన్నారు సార్. చల్లబడి లేవడానికి అది తీసుకున్న సమయంలో నేను మనసులోనే రాజీనామా రాసి, గొర్రెల మంద వెనక కర్ర పట్టుకుని నడుస్తూ కూడా కనిపించాను.

లేచింది. చల్లగా లేచింది కాబట్టి మహా ఘోషతో లేచింది. ఆ హోరు మధ్యే మీటింగులోకి వెళ్లి, నా తెరను అందరికీ కనిపించేలా పెట్టాను. మూలన దానంతటదే తెరుచుకున్న ఫ్యాన్ పటాన్ని సార్ చూశారు. తర్వాత ఎప్పటిలాగే నెమ్మదిగా అన్నారు.

"సునీతా, ఆ గీత తలకిందులుగా ఉంది. వేడెక్కితే ఫ్యాన్ ఆగమని నువ్వే చెప్పావు."

పటం అడుగున ఉన్న అక్షరాలు అప్పుడు చదివాను. జీవితంలో అంత చిన్న అక్షరాలు అంత పెద్దగా ఎప్పుడూ కనిపించలేదు. ఇంతకీ ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టి మాట్లాడావని సేటు అడిగాడు. అబద్ధం చెప్పే ఓపిక లేక, స్లాబు మీద ఎండలో అని చెప్పేశాను. అటువైపు చాలాసేపు నవ్వు తప్ప ఏమీ వినిపించలేదు. ఆఖరికి సేటు ఊపిరి తీసుకున్నాడు.

"తల్లీ, ముందుగాల నీ డబ్బను తెచ్చి మా కోల్డ్ స్టోరేజీల వెట్టు. బత్తాయిల సంగతి తర్వాత సూద్దం."

ఇంతగా నవ్వి చాన్నాళ్లయిందని, కొన్నాళ్లకు సేటు ఆ ప్రోగ్రాం తీసుకున్నాడు. నా ఉద్యోగం కూడా పక్కా అయింది. కాకపోతే ఆ ప్రోగ్రాంను నేను ముట్టుకోకూడదని సేటు ఒకే ఒక్క షరతు పెట్టాడు.

మీటింగ్ జరిగిన రోజు సాయంత్రమే స్నానం చేసి, తూర్పు ముఖంగా నిలబడి, ప్రతిజ్ఞ చేశాను. ఈ ఒంట్లో ప్రాణం ఉన్నంతవరకు, ఏ పటం మీదైనా సరే, అడుగున ఏం రాసుందో చదవకుండా గీత గీయను గాక గీయను. ఆ మాట ఈ రోజుకీ తప్పలేదు. ఆ తర్వాత నేను చెడగొట్టినవన్నీ శుభ్రంగా చదివే చెడగొట్టాను.