మొక్కింది నేను, జుట్టు దానిది

మా పక్క పోర్షన్ అక్క నన్ను మొదటిసారి చదువుకు పిలిచినప్పుడు ట్యూషన్ గురించి అనుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా హైస్కూల్లో తెలుగు చెబుతున్న దాన్ని, ఈ వయసులో నాకు ఒకరు చెప్పేదేమిటి అని లోపల కొంచెం చురుక్కుమంది. విషయం అది కాదు. ఆమె యూదురాలు. కొంకణ తీరం మనిషి, పుట్టింట్లో మరాఠీ మాట్లాడతారు. భర్తకు ఇక్కడి యూనివర్సిటీలో ఉద్యోగం వస్తే పెళ్లయిన కొత్తలో తిరుపతికి వచ్చింది. ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. మాట్లాడేది మన చిత్తూరు తెలుగే గానీ, మరాఠీ యాసలో మాట్లాడుతుంది. కూరగాయల బండి దగ్గర ఆమె బేరం వినడం కోసమే నేను కొన్నిసార్లు బయటికి వచ్చేదాన్ని.

వాళ్లు తమ ధర్మగ్రంథం తోరాను, అంటే బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలను, వారానికి ఇంత భాగమని ఏడాది పొడుగునా చదువుతారట. ముంబైలోనూ పుణేలోనూ ఉన్న ఆమె వాళ్లు, మొత్తం ఆరుగురు ఆడవాళ్లు, ప్రతి ఆదివారం పొద్దున ఫోన్లో కలుసుకుని ఆ వారం చదివిన దాని మీద మాట్లాడుకుంటారు. అయితే దానికి ముందు ఎవరికి వాళ్లు ఇంకొకరి ఎదురుగా కూర్చుని చదివి రావాలి. ఒంటరిగా చదివితే చదివినట్టు కాదు. ఎదుటి మనిషి ప్రశ్న వేయాలి, అడ్డం చెప్పాలి, కొట్లాడాలి. అంతవరకూ ఆమెకు ఆ ఎదుటి మనిషి భర్త. ఇప్పుడు తిరుపతిలో ఇంకో యూదు మనిషిని ఎక్కణ్నించి తెచ్చుకుంటుంది?

"నువ్వు దేనికైనా అడ్డం సెప్తావు టీచరమ్మా. అందుకే నిన్ను అడగతా ఉండాను," అంది. పొగిడిందో తిట్టిందో తేలక సరేనన్నాను.

గురువారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక కూర్చునేవాళ్లం. ఆమె ముందు హీబ్రూ పుస్తకం, నా ముందు తెలుగు బైబిల్. మా స్కూల్లో లెక్కల టీచరమ్మ క్రిస్టియన్, ఆమెను అడిగి తెచ్చుకున్నాను. ఆ అట్ట చూసి మా ఆయన, మతం మారే రోజు ముందే చెబితే లీవు పెట్టుకుంటానన్నాడు. ప్రతివారం నేను ఒక్క ప్రశ్నయినా తీసుకురావాలని అక్క నియమం పెట్టింది. ప్రశ్న లేకపోతే టీ లేదు. నాకు అదే పెద్ద చిక్కయింది. మనకు పారాయణం తెలుసు, ప్రవచనం తెలుసు, కళ్లు మూసుకుని చేతులు జోడించడం తెలుసు. దేవుడి పుస్తకం ముందు పెట్టుకుని "ఇదేం న్యాయం" అని అడగడం ఎక్కడుంది? క్లాసులో ప్రశ్నలు వేసే పిల్లల్ని చూస్తేనే నాకు ఒళ్లు మంట. మొదటి రెండు వారాలు టీ లేకుండానే ఇంటికి వచ్చాను.

నిజం చెప్పాలంటే నేను చదువు కోసం పోలేదు. ఇంట్లో ఉండలేక పోయాను. మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది.

అంతకు ముందు కార్తీకంలో దానికి డెంగీ వచ్చింది. ఇంటర్ రెండో ఏడాది. ప్లేట్‌లెట్లు పొద్దునొక లెక్క, సాయంత్రమొక లెక్క, రెండూ కిందికే. మూడో రోజు డాక్టరు ముఖం చూశాక ఇక ఆగలేదు. దాని మంచం పక్కనే నిలబడి, కిటికీలోంచి కనిపించే కొండ వైపు తిరిగి, స్వామీ, పిల్ల లేచి కూర్చుంటే ఏడాది తిరిగేలోపల దాని తలనీలాలు నీకిస్తాను అని మొక్కుకున్నాను. మనసులో కాదు, పైకే. మూడు కత్తెర్లు కూడా కాదు, పూర్తి గుండు. మర్నాటి నుంచి లెక్క పైకి లేచింది. వారానికి ఇంటికి వచ్చాం.

పరీక్షలయ్యాక మొక్కు సంగతి ఎత్తాను. ఎండాకాలం సెలవుల్లో తీయించేస్తే ఇంజినీరింగ్ కాలేజీలో చేరేనాటికి కొంచెమైనా వస్తుందని నా ఆలోచన. అది వినగానే, ఇయ్యనంది. దేవుడి మీద కోపమా అంటే కాదంది. కాలేజీలో నవ్వుతారనా అంటే అదీ కాదంది. "మొక్కింది నువ్వు కదా," అని మాత్రం అంది. నేను ఊరుకునే రకం కాదు. ప్రాణం నిలబెట్టిన దేవుడికి వెంట్రుకలు ఇవ్వడానికి ఏడుస్తావా, నీకంత ఒళ్లు పొగరా అని నోటికొచ్చింది అన్నాను. మా ఆయన మధ్యలో వచ్చి మూడు కత్తెర్లతో సరిపెడదామన్నాడు. దేవుడితో బేరమా అని ఆయన మీదా లేచాను. ఆ రోజు నుంచి అమ్మాయికి నాతో మాట లేదు. అన్నం పెట్టుకుంటుంది, తింటుంది, కంచం కడిగి పెడుతుంది. ఒక్కతే కూతురు. ఇల్లంతా ఫ్యాను చప్పుడే.

నాకు భయం. అది చెప్పుకుంటే సిగ్గు కాబట్టి కోపంగా చూపించేదాన్ని గానీ, లోపల ఉన్నదంతా భయమే. ఏడాది గడువు దాటితే ఆ జ్వరం మళ్లీ వస్తుందేమోనని పిల్ల తుమ్మినా నుదురు పట్టుకుని చూడబోయేదాన్ని. అది తల పక్కకు తిప్పేసుకునేది.

జూన్‌లో ఒక వారం చదివిన భాగంలో తల గొరిగించుకోవడం వచ్చింది. ఒకడు దేవుడికి మాటిచ్చి, కొన్నాళ్లు జుట్టు పెంచి, చివర్న దేవుడి గుడారం గుమ్మం దగ్గర గొరిగించుకుని ఆ వెంట్రుకల్ని హోమంలో వేస్తాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చూడండక్కా, మీ దాంట్లోనూ ఉందే అని గెలిచినట్టు అరిచాను. సంగతంతా అప్పుడే ఆమెకు చెప్పాను. ఆమె అంతా విని, ఆ వాక్యం ఇంకోసారి చదవమంది. చదివాను. గొరిగించుకున్నది మొక్కుకున్నవాడి తలే అని నాకే కనిపించింది. ఆ వారం టీ తాగబుద్ధి కాలేదు.

జులైలో వచ్చిన భాగం పూర్తిగా మొక్కుబడుల గురించే. ఆ మాట అలాగే మన తెలుగులో కనిపించేసరికి నాకు ఒళ్లు జలదరించింది. అందులో చెప్పింది ఇది. ఇంట్లో ఉన్న ఆడపిల్ల మొక్కుకుంటే, తండ్రి విని ఊరుకున్నాడా, మొక్కు నిలుస్తుంది. విన్న రోజే వద్దన్నాడా, చెల్లదు, దేవుడు ఆమెను క్షమిస్తాడు. పెళ్లయిన దాని సంగతి మొగుడి చేతిలో, అంతే. భర్త పోయినామె మొక్కితే మాత్రం ఎవరి ప్రమేయం లేదు, ఆమె మాట ఆమెదే.

ఆ ఆదివారం ఫోన్లో వాళ్ల మాటలు విందువు రమ్మని అక్క పిలిచింది. మరాఠీ, హిందీ, ఇంగ్లీషు కలిసి ఒకటే గోల. నాకు అక్క మధ్య మధ్యలో తెలుగులో చెబుతూ పోయింది. పుణేలో లాయరుగా ఉన్న అమ్మాయి అగ్గి మీద గుగ్గిలమవుతోంది. ఆడదాని మాటకు మగాడి అనుమతి ఏమిటి, అందరిలా పుస్తకాన్ని ముద్దు పెట్టుకుని ఈ భాగాన్ని పక్కన పెట్టను, కొట్లాడే చదువుతాను అంటోంది. అక్క వాళ్ల పెద్దక్కకు ఎనభై దాటాయి. ఆమె మెల్లగా వేరే మాట చెప్పింది. మా ఆయన బతికినన్నాళ్లూ నేనేం చేసినా అవుననలేదు, కాదనలేదు, దాన్ని మంచితనం అనుకున్నాను, ఊరుకోవడం కూడా జవాబేనని, ఊరుకున్నవాడికీ అందులో భారం ఉంటుందని ఈ ఏడాదే అర్థమైంది అంది. అరవై ఏళ్లుగా ఏటేటా అదే భాగం చదువుతున్న మనిషి ఆమె.

చివర్లో మా అక్క వంతు. నా మాటకు అడ్డం చెప్పేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, పుస్తకం కూడా అదే అంటోంది, అది స్వేచ్ఛ అని మొదట్లో మురిసిపోయాను, ఇప్పుడు ఎవరైనా వద్దంటే బాగుండునని ఉంది, అందుకే పక్కింటి టీచరమ్మను కూర్చోబెట్టుకున్నాను అని వాళ్లకు చెప్పి, అదే నాకు తెలుగులో చెప్పింది. నేను తల దించుకున్నాను. నా కళ్లలో నీళ్లు ఆమెకు కనిపించే ఉంటాయి.

అయితే ఏం, నా బుద్ధి నాది కదా. ఇంటికి రాగానే ఆ చదువునంతా తీసుకెళ్లి మా ఆయన నెత్తిన వేశాను. ఆసుపత్రిలో నేను మొక్కుతుంటే పక్కనే ఉన్నావే, విన్నావే, ఆ రోజే వద్దని ఉంటే ఇంతదూరం వచ్చేదా, తప్పంతా నీదే అన్నాను. ఆయన పేపరు మడిచి పెట్టి నా వైపు చూశాడు.

"ఆ పొద్దు నువ్వుండిన తీరుకు దేవుడొచ్చి అడ్డం సెప్పినా వినేదానివి కాదు మే. నేనెంత?" అన్నాడు.

కోపంగా అనలేదు. మడిచిన పేపరు మళ్లీ విప్పుకున్నాడు.

తర్వాతి గురువారం అక్క దగ్గర ఇదంతా వెళ్లగక్కాను. ఆ భాగం అయిపోయింది, వారం మారింది, కొత్తది చదవాలి. ఆమె మాత్రం పాత పేజీకే తిప్పింది. ప్రశ్న ఎప్పుడూ నేనే తేవాలి కదా, ఈసారి తనకొకటి ఉందంది.

"ఆ గదిలో నువ్వు మొక్కిన మాట విన్నోళ్లు ఇంకెవరుండారు?"

ఎవరున్నారు, నర్సు కూడా లేదు, నేనూ ఆయనే అన్నాను. ఆమె చూస్తూ కూర్చుంది. పిల్ల ఉందనుకో, దానికి స్పృహ ఎక్కడ, జ్వరం మత్తులో పడి ఉంది అన్నాను. ఆమె అవునని గానీ కాదని గానీ అనలేదు. పుస్తకం మూసి టీ పెట్టడానికి లేచింది. నేను టీకి ఆగలేదు.

ఇంట్లో అమ్మాయి బాల్కనీలో బట్టలు తీస్తోంది. నేను వెళ్లి అవతలి కొస పట్టుకున్నాను. దుప్పటి ఇద్దరం మడవాలి కాబట్టి అది పోలేకపోయింది. అడగడం నాకెప్పుడూ రాదు, చెప్పడమే వచ్చు. నాలుగు నెలలుగా నేను దాన్ని అడిగినవన్నీ తిట్లే. ఆసుపత్రిలో ఆ రోజు నీకు ఏమైనా గుర్తుందా అని అడిగాను.

"అంతా గుర్తుంది," అంది.

నాలుగు నెలల తర్వాత దాని మొదటి మాట అది.

"నువ్వు మొక్కేది విన్నాను మా. నా జుట్టిస్తానంటా ఉంటే వద్దు అని సెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. నువ్వు నా పక్క సూడను కూడా సూడలేదు. కొండ పక్క సూస్తా ఉండావు."

నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. నిజమే, నేను ఒక్కసారి తల దించి చూసి ఉంటే సరిపోయేది. దాని మంచానికి ఆనుకునే నిలబడి ఉన్నాను. పిల్ల చచ్చిపోతుందని హడలిపోయి, పిల్ల వింటోందన్న సంగతే మర్చిపోయాను. అంత భయంలో నాకు అది మనిషిలా కనిపించలేదు, పోగొట్టుకోకూడని వస్తువులా కనిపించింది. ఈ మాట దానితో అలాగే అన్నాను. తప్పయిపోయింది తల్లీ అన్నాను. నా నోటి నుంచి అలాంటి మాట వినడం దానికి అదే మొదలు. దుప్పటిలో తన కొస తెచ్చి నా చేతిలోని కొసకు కలిపింది.

తర్వాత అక్క దగ్గర చదివింది చెప్పాను. విన్నరోజే వద్దంటే మొక్కు చెల్లదట అని. అందులో తండ్రికీ మొగుడికీ తప్ప ఇంకెవరికీ ఆ హక్కు రాసి లేదని కూడా చెప్పాను, దాచలేదు. పుణే లాయరమ్మాయి దాని మీదే కొట్లాడుతోందంటే మా అమ్మాయి ముఖంలో కొంచెం నవ్వు కదిలింది. మరి స్వామికి ఏం చెబుతావని అడిగింది. నాకూ ఒక తల ఉంది కదా, జడ బక్కదే గానీ ఆయన సర్దుకుంటాడులే, అది నా బాధ, నీది కాదు అన్నాను.

"ఆ పొద్దు నీకు నోరు రాలేదు. ఇప్పుడు వచ్చింది కదా. నేను మళ్లీ మొక్కుతాను. నువ్వు ఇనుకో," అన్నాను.

కొండ అక్కణ్నించి కూడా కనిపిస్తుంది. ఈసారి నేను అటు తిరగలేదు. దుప్పటి కింద పెట్టి, దాని ముఖంలోకి చూస్తూ, ఆసుపత్రిలో అన్న మాటలే ఒక్కటి కూడా వదలకుండా పైకి అన్నాను. అంటుంటే మళ్లీ అదే భయం వేసింది. మొక్కు తీరకపోతే ఏమవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు. అది నా మాటలు చివరిదాకా విన్నది.

"వద్దు మా," అంది.

అడ్డం చెప్పడానికి నాలుక చివరన వంద మాటలున్నాయి. విన్నాను. విని ఊరుకున్నాను.