సూప్ అడుగున వైన్

మా అమ్మ నొయెమీకి గ్లాసులో పోసిన వైన్ మీద నమ్మకం లేదు. కాహోర్‌లో మా ద్రాక్షతోట వైన్ నల్లగా, నాలుక బిగుసుకుపోయేంత వగరుగా ఉంటుంది. ఆ వగరు బాతు కొవ్వు జిడ్డును కడిగేస్తేనే వైన్ కుదిరినట్టు; అందుకే ఆ మాట బాతు సూప్ తిన్నాకే చెబుతుంది. గిన్నె అడుగున నాలుగు చెంచాల వేడి సూప్ మిగలగానే అందులో వైన్ వంపి, గిన్నెత్తి తాగేస్తుంది. మా ఊళ్ళో ముసలివాళ్ళందరిదీ అదే పద్ధతి.

ఆ మధ్యాహ్నం గిన్నెలో పడింది నా భర్త ఎలోయి మొదటిసారి సొంతంగా చేసిన వైన్. నాన్న పోయాక పీపాలన్నీ అతని చేతికొచ్చాయి. పారిస్ వ్యాపారులకు నచ్చాలని వగరంతా తగ్గించేశాడు. ఆ సంగతి అమ్మకు చెప్పే ధైర్యం లేక నా నోరు కూడా మూయించాడు.

అమ్మ తాగింది. మూతి తుడుచుకోలేదు. నా చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

"అల్లుడుగారూ, బాతు కొవ్వు ఇంకా నా పెదాలకే అంటుకునుంది. మీ వైన్ ఎటు పోయినట్టు?"

"ఏమీ తినకుండా తాగితే బాగుంటుంది అత్తయ్యగారూ. పారిస్‌లో అందరూ..."

"అయితే మన బాతుల్ని ఎవరు తింటారు, పారిస్ వాళ్ళా?"

ఆమె లేచి, నాన్న చేసిన వైన్ సీసా ఒకటి తెచ్చి అతని గిన్నెలో మిగిలిన సూప్‌లో వంపింది. ఎలోయి మొహం కందిపోయింది. విసురుగా లేచి వెళ్ళిపోతాడనే అనుకున్నాను. రెండు చేతులతో గిన్నె ఎత్తి, చుక్క మిగల్చకుండా తాగాడు. వేలితో పెదాలు తడిమి చూసుకున్నాడు.

"ఇలాంటి సీసాలు ఇంకెన్నున్నాయి?" అన్నాడు.

"అదే ఆఖరిది," అంది అమ్మ. "ఇక నువ్వు చెయ్యాల్సిందే."