కరెంటు వచ్చింది, గంగ రాలేదు

కొళాయి తిప్పితే నీళ్ళకు బదులు గుర్రుమని గాలి వచ్చింది. నిన్నటి తుఫాను వానకు ప్రొద్దుటూరులో మా వీధి కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. మోటారు ఆడటం లేదు, పైన ట్యాంకు ఖాళీ. నేను వార్డెన్‌గా ఉన్న ఈ ఆడపిల్లల హాస్టల్లో పిల్లలు బక్కెట్లు పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నారు. ఆ గాలి చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దాని వెనకే నాగరత్నమ్మ మేడం గొంతు వినిపిస్తుంది.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో, నేను జమ్మలమడుగు హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఆమె మా వార్డెన్. పులివెందుల మనిషి. పొట్టిగా ఉండేది, నడక మాత్రం ఎవరో వెనక తరుముతున్నట్టు ఉండేది. సాయంత్రం హాజరు వేసేటప్పుడు పేరు పిలిస్తే పలకడం చాలదు, లేచి నిలబడాలి. ఆమె మొహం చూశాకే తర్వాతి పేరు. "గొంతు ఎవురన్నా ఇస్తారు, మొగం యాడ తెస్తారు?" అనేది. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. మా నాయన కూడా గొర్రెలను దొడ్లోకి తోలేటప్పుడు ఒక్కోదాని మొహం చూసేవాడు. ఆ మాట చెప్పి నేనూ, నా పక్క మంచం గంగా తెగ నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టుకుంది. నీళ్ళ కోసం ఆకాశం వంక చూసి చూసి మెడలు నొప్పి పుట్టిన మా సీమలో, పడితే అంతా ఒక్కసారే పడింది. వాన వెలిశాక చూస్తే హాస్టల్ ముందు స్తంభం రోడ్డుకు అడ్డంగా ఉంది. ఊరంతా బురదనీళ్ళు, తాగడానికి మాత్రం చుక్క లేదు. మేడం రోజూ కరెంటు ఆఫీసుకు పోయేది, రోజూ "రేపు" అనే మాట పట్టుకుని వచ్చేది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు, ఇక్కడ దేవుడెవరో, పూజారెవరో కూడా తెలియలేదు. అలా ఆమె ఆఫీసుకు పోయిన ఒక పూట పైఆఫీసు సారు జీపులో వచ్చి, పిల్లలను తీసుకుపొమ్మని ఇళ్ళకు ఫోన్లు చేయించాడు. అందరికంటే ముందు, చిలమకూరు దగ్గరి పల్లె నుంచి గంగ మేనమామ మోటారుసైకిల్ మీద వచ్చాడు. గంగ సంతోషంగానే బయల్దేరింది. "పెట్టె ఈడనే ఉండనీలే. మళ్ళా వచ్చేదే కదా" అని నాతో చెప్పి ఎక్కింది.

మేడం తిరిగి వచ్చేసరికి జీపు ఇంకా గేటు దగ్గరే ఉంది. సంగతి తెలిసి ఆమె చెప్పులు కూడా విడవకుండా ఆ సారు ముందుకు పోయి నిలబడింది.

"నీళ్ళు ల్యాకపోతే నీళ్ళు తెప్పీండి సార్. పిల్లోళ్ళను పంపేదేంది?"

"నాలుగు రోజులే కదమ్మా. కరెంటు వస్తానే వాళ్ళే వస్తారు."

"మొగపిల్లోళ్ళు వస్తారు సార్. ఆడపిల్లోళ్ళు ఒకసారి ఇల్లు చేరితే యా పనికి కట్టేస్తారో, ఎవురికి కట్టబెడతారో మీకు ఎరికేనా?"

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని గొణుక్కుంటూ ఆయన జీపెక్కాడు. ఆ పొద్దే మా నాయనా వచ్చాడు. వానకు తడిసి మా మందలో గొర్రెలు శానా పోయాయి. ఆయన కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఇంట్లో మనుషులు చాలడం లేదు, పాపను పంపమన్నాడు. మేడం ఆయన మీద అరవలేదు. కూర్చోబెట్టి చెంబులో ఉన్న కాసిన్ని నీళ్ళూ ఆయనకే ఇచ్చింది.

"తీసకపో అప్పా, నీ బిడ్డే. మళ్ళా యా దినం తెస్తావో చెప్పి తీసకపో."

నాయన తలపాగా సర్దుకున్నాడు.

"చెప్పలేను మేడం" అన్నాడు చివరికి.

"చెప్పలేవు కదా. అయితే ఉండనీ."

నాయన నన్నొకసారి చూసి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ప్రశ్న అడిగే మనిషి లేకపోతే నేనీ రోజు కొండల్లో గొర్రెల వెంట తిరుగుతూ ఉండేదాన్ని. గొర్రెలు కాయడం తక్కువ పనని కాదు, అది నేను కోరుకున్న పని కాదు.

మర్నాడు లైనుమన్లు వచ్చారు. స్తంభం నిలబెట్టారు, తీగ లాగారు. మా గేటు మీదుగా పోయిన ఆ తీగను రోడ్డవతల పెళ్ళిమండపానికి కలిపి, మాది వదిలేసి వెళ్ళిపోయారు. అక్కడ ఒక పెద్ద భూస్వామి ఇంట్లో పెళ్ళి. పట్టపగలు రంగుబల్బులు వెలుగుతుంటే, మేము నాలుకలు పిడచగట్టుకుపోయి కిటికీల్లోంచి చూశాం. తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి. మేడం ఒక్క మాట అంది: "అమ్మాయిలూ, బక్కెట్లు తీసుకోండి." బడికి పోయినట్టే వరుస కట్టి రోడ్డు దాటాం.

పెళ్ళికూతురి తండ్రి గేటు దగ్గరే అడ్డం నిలబడ్డాడు. "ఏందమ్మా ఇది? పెండ్లి జరుగుతాంటే దండు కట్టుకొస్తివి?"

"పిల్లోళ్ళు దప్పికతో ఉండారప్పా. ఈ వీధిలో నీళ్ళుండేది మీ కాడనే."

"రేపు రాండి, చూస్తాం."

కరువులు చూసిన సీమ మాది. పెళ్ళింటికి పిలవని వాళ్ళు వస్తే అన్నం లేదనవచ్చు గానీ, నీళ్ళడిగితే లేవనకూడదు. అంటే ఆ పెళ్ళికే కీడంటారు. మేడం అది తెలిసే వచ్చింది. లోపలినుంచి పెళ్ళికూతురి అవ్వ కర్ర పోటేసుకుంటూ వచ్చింది.

"పెండ్లింట్లో నీళ్ళు ల్యావంటాండావా? జరుగు పక్కకు" అని కొడుకును గదమాయించి, మా వైపు తిరిగింది. "రాండమ్మా, పట్టుకోండి. అవునూ, మీకు కరెంటు రాల్యాదా? మరి మాకెట్ల వచ్చె?"

పెళ్ళికూతురి తండ్రి పక్కకు పోయి ఫోను చేశాడు. దీపాలు పెట్టే వేళకు మా హాస్టల్లో మోటారు ఆడింది. మేడం అన్నాళ్ళు తిరిగినా రానిది ఒక్క ఫోనుకు వచ్చింది. మాలో కొందరు మండపం వైపు దండం పెట్టబోతే మేడం ఆపింది.

"నీళ్ళిచ్చినందుకు అవ్వకు పెట్టండి. కరెంటుకు ఎవురికీ పెట్టొద్దండి. అది మనకు రావల్సిందే."

కరెంటు వచ్చింది, గంగ రాలేదు. మేడం ఆ పల్లెకు పోయేసరికే మేనమామతో పెళ్ళి అయిపోయింది. ఆమె తిరిగొచ్చిన సాయంత్రం హాజరులో గంగాదేవి అని పిలిచి, ఖాళీ మంచం వైపు చూస్తూ ఆగింది. ఆ తర్వాత రోజూ అంతే. పెట్టెను జరపనివ్వలేదు. పేరు కొట్టేయమని పైఆఫీసు వాళ్ళు చెబితే, "మీరు పంపినారు, మీరే తోడుకరాండి, అంతవరకూ పిలుస్తానే ఉంటా" అంది. ఏడాది తిరక్కుండానే ఆమెను ఎక్కడో దూరానికి బదిలీ చేశారు. నాలుగు రోజులే కదా అన్న ఆ సారుకు మాత్రం ఏమీ కాలేదు.

ఇందాక నాకూ ఫోను వచ్చింది. సారు వేరు, మాట అదే. "నాలుగు రోజులు సెలవిచ్చి పంపించండమ్మా, కరెంటు వస్తానే వస్తారు."

"ఎవరెవరు తిరిగొస్తారో మీరు పేర్లు చెప్పండి సార్, వాళ్ళను పంపుతా" అన్నాను.

ఫోను పెట్టేశాను. కిటికీలోంచి చూస్తే వీధి చివర పెద్ద మేడ మీద బల్బు వెలుగుతూ ఉంది. చెప్పులు వేసుకుని హాల్లోకి వచ్చి, ఒక్కొక్కరి పేరు పిలిచి, లేచి నిలబడిన ఒక్కొక్కరి మొహమూ చూశాను. అందరూ ఉన్నారు.

"అమ్మాయిలూ, బక్కెట్లు తీసుకోండి" అన్నాను.