వంటమనిషి ముక్క

యానాంలో క్రిస్మస్ నాడు చర్చిలో పూజ ముగిసిందంటే చాలు, ఫరంపేటలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు మూత పెట్టిన పళ్ళేలు పట్టుకుని బుల్లబ్బాయి రొట్టెల కొట్టుకి బయలుదేరతారు. తెల్లవారుజామున రొట్టెలు కాల్చి తీసేశాక కూడా అతని ఇటుకబట్టీలో వేడి మధ్యాహ్నం దాకా నిలిచి ఉంటుంది. పండగ మాంసం అందులోనే కాలాలి. 1955లో అందరికంటే ముందు చేరింది ఆరోగ్యమ్మ. ఆమె చేతుల్లో ఇనపపళ్ళెం, పళ్ళెంలో సీమకోడి, అంటే టర్కీకోడి, రొమ్ముమాంసం. వెనకాలే ఆమె అల్లుడు లూయిస్. అతని చేతిలో కాగితం చుట్టిన గాజుకడ్డీ ఒకటి.

లూయిస్ సైన్సు మాస్టారు. కాకినాడలో బీయెస్సీ చదివాడు. ఆ కాగితంలో ఉన్నది బళ్ళో ప్రయోగాలకి వాడే థర్మామీటరు. సెలవులకి ముందు హెడ్మాస్టరుని బతిమాలి తెచ్చుకున్నాడు. నూటపది సెంటీగ్రేడు డిగ్రీల దాకా చూపిస్తుంది.

అంత పట్టుదల ఎందుకంటే ఇంట్లో అయిదేళ్ళ జోసెఫిన్ ఉంది. టైఫాయిడ్‌తో ఇరవైనాలుగు రోజులు పడుకుని లేచిన పిల్ల. జ్వరం తగ్గి మూడు వారాలైనా గంజీ, బార్లీ నీళ్ళూ, సగ్గుబియ్యం జావా తప్ప ఏమీ ఎరగదు. పిల్ల కాళ్ళు సన్నబడి మోకాళ్ళే కనిపిస్తున్నాయి. కాకినాడ డాక్టరుగారు పండగ నాడు పథ్యం పెట్టుకోమన్నారు. మెత్తటి అన్నం, కొవ్వు లేని మాంసం ఓ ముక్క. "బాగా ఉడకాలి సుమండీ. మళ్ళీ జ్వరం తిరగబెడితే ఈసారి పేగులు తట్టుకుంటాయని చెప్పలేను" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. ఆ మాట మాత్రం లూయిస్‌తో పాటే లేస్తోంది, పడుకుంటోంది.

ఆరోగ్యమ్మకి ఇలాంటి భయాలు తెలియవని కాదు. మెట్టకూరులో పుట్టింది. ఇరవైనాలుగేళ్ళకి మొగుడు పోతే, చంకలో కూతురు ఫిలోమినాని వేసుకుని ఫ్రెంచి దొర బంగళాలో మసాలాలు నూరడానికి చేరింది. రెండేళ్ళు తిరక్కుండా వంటే ఆమె చేతికొచ్చింది. ఇరవైరెండేళ్ళు ఆ వంటింట్లో నిలబడింది. దొరలు ఎందరు మారినా వంటమనిషి మారలేదు. కిందటేడు ఆఖరి దొరసాని ఊరు వదిలి వెళుతూ, పెట్టెలు సర్దగా మిగిలిన సీమకోళ్ళ జంటని ఆరోగ్యమ్మకి ఇచ్చి పోయింది. పెట్ట వానల్లో చచ్చిపోయింది. పుంజు తవుడు తిని తిని దూడలా తయారైంది. వీధిలో పిల్లలు దాన్ని చూసి గోడలెక్కేవారు. దానికి భయపడని పిల్ల జోసెఫిన్ ఒక్కతే. జ్వరంలో కళ్ళు తెరిచినప్పుడల్లా, "అమ్మమ్మా, అది నాకే కదా" అని అడిగేది.

ముందురోజు కోశారు. కాళ్ళూ రెక్కలూ చుట్టుపక్కల నాలుగిళ్ళకి కూరకి పంపేసింది ఆరోగ్యమ్మ. రొమ్ముమాంసం మటుకు ఎముకతో సహా ఉంచింది. "ఇది కూరకి పనికిరాదు, పీచుపీచుగా అయిపోద్ది. కాల్చాల్సిందే" అంది. రాత్రంతా ఉప్పునీళ్ళలో ఊరనిచ్చి, పొద్దున్నే తడి తుడిచి, తోలు కింద వేలు పోనిచ్చి వెన్నా వెల్లుల్లీ మిరియాలపొడీ పట్టించింది. పళ్ళెంలో ఉల్లిపాయ చక్రాలు పరిచి, తోలు పైకి ఉండేలా వాటిమీద కూర్చోబెట్టింది. అంతకంటే ఏమీ లేదు.

బట్టీ తలుపు తీసి ఆరోగ్యమ్మ చెయ్యి లోపలికి చాపింది. పెదాలు కదుపుతూ మరియమ్మ మంగళవార్త జపం మొదలుపెట్టింది. సగంలో చెయ్యి లాక్కుంటే వేడి ఎక్కువన్నట్టు. ఆమేన్ దాకా ఓర్చుకోగలిగితే మాంసానికి సరిపోయిందన్నట్టు. ఇది బంగళాలో నేర్చుకున్నది కాదు, ఆమె సొంతం. ఆమేన్ అని చెయ్యి తీసి పళ్ళెం లోపలికి తోసింది.

"ఎంతసేపు అత్తయ్యగారూ?" అన్నాడు లూయిస్.

"అయ్యేదాకా బాబూ."

గంటయ్యేసరికి అతను ఆగలేకపోయాడు. పళ్ళెం బయటికి తీయించి, అరుగుమీద పెట్టించి, థర్మామీటరు మాంసం మధ్యలోకి గుచ్చాడు. యాభై ఎనిమిది. మళ్ళీ లోపల పెట్టించాడు. క్రిములు అరవై డిగ్రీల దగ్గర కాసేపుంటే చచ్చిపోతాయని అతను పిల్లలకి బోర్డుమీద రాసి చెప్పినవాడే. అయినా డెబ్బై అయిదు కళ్ళతో చూస్తే తప్ప మనసు ఒప్పేలా లేదు. పావుగంటకి మళ్ళీ తీయించాడు. అరవైతొమ్మిది.

"మేష్టారూ, జ్వరం పాపకా, కోడికా?" అన్నాడు బుల్లబ్బాయి. "తలుపు ఇన్నిసార్లు తీస్తే నా బట్టీకి జలుబు చేసుద్దండి, ఆయ్!"

ఆరోగ్యమ్మ నవ్వలేదు. జడపిన్నంత సన్నటి ఇనపపుల్ల మాంసంలోకి దించి, పది లెక్కపెట్టి, బయటికి తీసి కింది పెదవికి ఆనించుకుంది. ఊరిన రసం వేపు వంగి చూసింది. నీళ్ళలా తేటగా ఉంది.

"అయిపోయింది బాబూ. ఇంకా ఉంచితే ఎండిపోద్ది."

"ఇంకో పావుగంట ఉంచుదామండీ."

ఆమె సరేనంది. చివర, పల్చగా ఉన్నచోట, కత్తితో రెండు ముక్కలు కోసింది. ఒకటి నిలబడే నోట్లో వేసుకుని నమిలింది. రెండోది చిన్న గిన్నెలో వేసి మూతపెట్టి పక్కన పెట్టుకుంది. లూయిస్ కళ్ళు థర్మామీటరు మీదే ఉన్నాయి. ఇదేదీ అతను పట్టించుకోలేదు.

ఇంకో పావుగంట బట్టీలో ఉంచి తీసి మూడోసారి గుచ్చినప్పుడు పాదరసం డెబ్బై ఆరు దగ్గర ఆగింది. అక్కడితో ఆగిపోయి ఉంటే బావుండేది. కానీ ఎముక పక్కన మాంసం అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కుతుంది కదా అనిపించింది. అక్కడ పచ్చిగా ఉంటే? ఆ కాస్తే పిల్ల ముద్దలోకి వస్తే? థర్మామీటరు తీసి రెండోవైపు నుంచి, లోతుకి, ఇంకొంచెం లోతుకి నొక్కాడు.

టిక్కుమంది.

పైకి లాగితే కడ్డీకి కొన లేదు. ఎముక పక్కనుంచి కారిన రసంలో వెండిపూసలు నాలుగు దొర్లి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఉల్లిపాయల కిందికి జారాయి.

"ముట్టుకోకండి! ఎవరూ ముట్టుకోకండి!" లూయిస్ గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"పైన కడిగేస్తే పోదాండి?" అన్నాడు బుల్లబ్బాయి మెల్లిగా.

"పోదు. అది పాదరసం, విషం. గాజుముక్కలు కూడా ఉంటాయి."

పిల్లకి ఏ విషం తగలకూడదని తెచ్చిన వస్తువే ఆ విషాన్ని మోసుకొచ్చింది. మాంసం, పళ్ళెం, ఉల్లిపాయలు, అన్నీ గోనెలో చుట్టి, కుక్కలు తవ్వకుండా కొట్టు వెనక రెండడుగుల గొయ్యి తీసి పూడ్చారు. బుల్లబ్బాయి అరుగు తుడవబోతే వద్దని, లూయిస్ తనే దానిమీద ఇసక చల్లి, అట్టముక్కతో లాగి, ఆ ఇసక కూడా గోతిలోనే పోశాడు. చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు. ఏడాదిపాటు పెంచిన పుంజుని పాతేస్తుంటే ఆరోగ్యమ్మ పక్కనే నిలబడి చూసింది. తిట్టి ఉంటే లూయిస్ కొంత తేలికపడేవాడు.

ఇంటికి నడిచినంతసేపూ జోసెఫిన్‌కి ఏం చెప్పాలో అతనికి తోచలేదు.

పిల్ల అప్పటికే కంచం ముందు పెట్టుకుని పీటమీద కూర్చుంది. గౌను భుజాలనుంచి జారిపోతోంది. ఫిలోమినా గుమ్మంలోకి వచ్చి, వట్టి చేతులతో వచ్చిన మొగుణ్ణి చూసి, "ఏదండీ?" అంది.

లూయిస్ చెప్పాడు. చెబుతుంటే ఫిలోమినా కళ్ళు కూతురివైపు తిరిగాయి.

అప్పుడు ఆరోగ్యమ్మ పమిటచాటు నుంచి గిన్నె తీసి పీట పక్కన పెట్టింది.

"ఇది దానికి. గాజుకడ్డీ విరగకముందే కోసి ఉంచాను."

"ఎందుకు కోశారు?"

"కొత్తలో ఓ దొరసాని ఉండేది బాబూ. ఏ వంటైనా బల్లమీదకి వెళ్ళేముందు తన కళ్ళెదుట నన్నో ముక్క తినమనేది. ఉడికిందో లేదో నా మొహం చూసి తెలుసుకునేది. ఆవిడ వెళ్ళిపోయినా నాకు అలవాటు పోలేదు. వంటమనిషి ముక్క కొయ్యందే నా చెయ్యి కదలదు. ఇవాళ మటుకు రెండు కోశాను."

లూయిస్ గిన్నె మూత తీశాడు. "అప్పటికి అరవైతొమ్మిదేనండీ."

"ఆ లెక్క నాకు తెలీదు. నేను తిని గంట దాటింది. ఎలా ఉన్నానో చూడండి."

గంటలో ఏమీ తెలియదని అతనికి తెలుసు. క్రిములు పనిచెయ్యడానికి రోజులు పడుతుంది. అలాగే, తను కొలిచింది మధ్యభాగమనీ, కొసన పల్చగా ఉన్న ముక్క అంతకుముందే బాగా వేడెక్కి ఉంటుందనీ కూడా తెలుసు. రెండూ నిజమే. తేల్చి చెప్పడానికి మాత్రం చేతిలో కొలత లేదు. ఎదురుగా ఉన్నది అత్తగారి మొహం ఒక్కటే.

"నాన్నా, నాకు కాదా?" అంది జోసెఫిన్.

ముక్కని చేత్తో చీల్చాడు. పోగులు పోగులుగా విడిపోయింది. లోపల ఎక్కడా ఎరుపు లేదు, అంతా తెల్లగా ఉంది. వెలుగు దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కొక్క పోగే చూశాడు. ఒకటి తను తిన్నాడు. తర్వాత మెత్తటి అన్నంలో నలిపి, చిన్న ముద్ద చేసి, పిల్ల నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. చెయ్యి అక్కడే ఆగింది. ఫిలోమినా అతని మోచేతి కింద చెయ్యి ఆనించింది.

పిల్ల చాలాసేపు నమిలింది. "ఇంతేనా?" అంది.

"ఇవాల్టికి ఇంతే."

పెద్దవాళ్ళు ముగ్గురూ ఆ పండగ పప్పుచారుతో గడిపారు. నాలుగింటికి లూయిస్ ఇంట్లో ఉన్న జ్వరం చూసే కడ్డీ పిల్ల చంకలో పెట్టాడు. పెరగలేదు. అయిదింటికి మళ్ళీ పెట్టాడు. ఆరింటికి పెట్టబోతుంటే ఆరోగ్యమ్మ ముందుగా వంగి, కింది పెదవి మనవరాలి నుదుటికి ఆనించి, పొద్దున్న పుల్లని చూసినట్టే కాసేపు కదలకుండా ఉంది.

"చల్లగానే ఉంది బాబూ."

అయినా అతను కడ్డీ పెట్టాడు. కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు. ఫారన్‌హీటులో తొంభై ఏడూ చిల్లర. విదిలించి గొట్టంలో పెట్టేశాడు. ఇంకో వారం పదిరోజులు ఇలాగే చూసుకోవాలి, వేరే దారి లేదు. మళ్ళీ వచ్చి పిల్ల మంచంమీద కూర్చుని, వంగి, తన పెదవి కూడా నుదుటికి ఆనించాడు. వేడో చల్లదనమో అతనికి తెలియలేదు. ఇంకొంచెంసేపు అలాగే ఉన్నాడు.

"మీసాలు గుచ్చుకుంటున్నాయి నాన్నా" అంది జోసెఫిన్, మొహం పక్కకి తిప్పుకుంటూ. "నాకు ఆకలేస్తోంది."