పటాలు దించిన గోడ

భవానీపురంలో మేముండే ఇంట్లో ఒక పాత ఫ్యాను ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు అది ఒక్కసారిగా తిరగదు. ముందు టక్కుమంటుంది, ఆగుతుంది, మళ్లీ టక్కుమంటుంది. తర్వాత ఆ చప్పుళ్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చి టకటకమని సన్నటి ధారగా మారతాయి. బాగు చేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌ని తిప్పి పంపేశాను. మా ఆవిడకి అది చప్పుడే. నేను కళ్లు మూసుకుంటే మాత్రం పట్టపగలు చీకటి చేసిన మా దివాణం హాలు, వేడెక్కిన ప్రొజెక్టరు వాసన, సున్నపు గోడ మీద రాలుతున్న మంచు కనిపిస్తాయి. వాటి వెనకాలే కరుణమ్మగారు వస్తారు.

మా ఇల్లు కంకిపాడు దగ్గర కాలవ గట్టున ఉండేది. ఊళ్లోవాళ్లు దివాణం అనేవారు. నాకు ఊహ తెలిసేసరికే పొలాలు కోర్టుల పాలయ్యాయి. షెడ్డులో కారు లేదు, దాని మీద కప్పే గుడ్డ మాత్రం ఉండేది. ఆ గుడ్డను నాన్నగారు ఏటా ఉతికించి, మడతపెట్టించి, మళ్లీ షెడ్డులోనే పెట్టించేవారు. ఎవరినీ ఏదీ అడగకూడదు, ఎవరి ముందూ నడుం వంచకూడదు: మాకు మిగిలిన ఆస్తి ఈ రెండే. ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. అన్నీ పోయిన ఇంట్లో మనిషి నిటారుగా నిలబడడానికి ఏదో ఒకటి కావాలి. డెబ్బయ్యో దశకం మొదట్లో నేను బెజవాడలో ఒక కాలేజీలో చరిత్ర లెక్చరరుగా చేరితే, అది ఉద్యోగమని నాన్నగారు ఏనాడూ ఒప్పుకోలేదు. "మావాడు కాలేజీ వ్యవహారాలు చూస్తున్నాడు" అని చెప్పేవారు. ఆ కాలేజీలో మా శాఖకు పెద్ద కరుణమ్మగారు. సన్నంచు నేత చీర, చేతిలో నల్ల గొడుగు, మెడలో చిన్న శిలువ. స్టాఫ్ రూములో మిగతావాళ్లు నన్ను "చిన్నదొరగారు" అని ఏడిపించేవారు. ఆవిడ ఒక్కరే పేరు పెట్టి పిలిచేవారు.

చేరిన కొత్తల్లో ఒకరోజు ఆవిడ నా క్లాసులో ఆఖరి బెంచీలో వచ్చి కూర్చున్నారు. గంట కొట్టాక వరండాలో నన్ను ఆపారు.

"భాస్కరరావు గారూ, పాఠం బాగుంది. ఎవరికి చెప్పారు?"

"క్లాసుకండీ."

"కాదు, వెనక గోడకి చెప్పారు. గోడకి ఫ్రెంచి విప్లవం ఎందుకండీ? పాపం, దాని పని అది చేసుకుంటోంది."

నా మొహం మాడిపోయింది. పిల్లల తలల మీదుగా దూరంగా చూస్తూ మాట్లాడడం హుందాతనమని మా ఇంట్లో నేర్పారు. మర్నాడు నేనూ వెళ్లి ఆవిడ క్లాసులో కూర్చున్నాను. ఆవిడ వేదిక ఎక్కలేదు. బెంచీల మధ్యకి వచ్చి, ఎవరితో మాట్లాడితే వాళ్లకు ఎదురుగా నిలబడి, కాస్త వంగి, మొహంలో మొహం పెట్టి, ప్రతి మాటా పెదాల మీద స్పష్టంగా పలికేవారు. అరవై మంది ఉన్న గదిలో, ఆవిడ తనొక్కడితోనే మాట్లాడుతున్నారని ప్రతివాడూ అనుకునేవాడు. ఇది ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే నవ్వారు. "మా అమ్మ దగ్గరండీ. నా చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆవిడకి రెండు చెవులూ పోయాయి. అమ్మతో మాట్లాడాలంటే ఎదురుగా వెళ్లాలి, మొహం చూపించాలి. పక్కనుంచి గొణిగితే అన్నం కూడా పెట్టదు."

ఆ రోజుల్లో ఊళ్లో కొందరు లెక్చరర్లు, లాయర్లు కలిసి ఒక ఫిల్మ్ సొసైటీ నడిపేవారు. పెద్ద సినిమాల వ్యవహారమంతా గాంధీనగర్ పంపిణీ ఆఫీసుల్లో తేలుతుంటే, వీళ్లు మాత్రం ఎక్కడెక్కడి పాత రీళ్లో తెప్పించుకుని ఆదివారాలు చూసేవారు. అలా ఒకసారి రష్యావాళ్ల పాత మూగ సినిమా, విప్లవం మీద తీసింది, మద్రాసు నుంచి వస్తుందని తెలిసింది. పేరు నాకు నోరు తిరిగేది కాదు. కానీ ఆ వార్త విన్న రోజు కరుణమ్మగారి మొహం ఎలా ఉందో ఇప్పటికీ చెప్పగలను. మద్రాసులో చదువుకునేటప్పుడు ఆవిడ దాన్ని చూశారట.

"బయటికొచ్చి అందరూ కెమెరా గురించి మాట్లాడుకుంటున్నారండీ. నాకు మాత్రం ఒకటే తోచింది, ఇది మా అమ్మకి అర్థమవుతుంది అని. బెజవాడలో ఏ సినిమాకి తీసుకెళ్లినా 'ఏమన్నాడే, ఏమన్నాడే' అని అరుస్తుంది. ముందువాళ్లు వెనక్కి తిరిగి ఉష్‌మంటారు. ఆ ఉష్ ఆవిడకి వినపడదు, వాళ్ల మొహాలు మాత్రం కనపడతాయి. ఆఖరిసారి మధ్యలోనే లేచి వచ్చేసింది. మళ్లీ హాలు గడప తొక్కలేదు. చనిపోయేలోగా ఆవిడ ఒక్క సినిమా అయినా పూర్తిగా చూడాలండీ."

ఆదివారం ఆట అనగా శుక్రవారం, హాలిస్తానన్న సినిమాహాలాయన మాట తప్పాడు. విప్లవం సినిమా అంటే పోలీసులొచ్చి కూర్చుంటారని ఆయన భయం. సోమవారం పొద్దునే రీళ్లు రైలెక్కి వేరే ఊరికి వెళ్లిపోవాలి. శనివారం కరుణమ్మగారు నా బల్ల ముందుకొచ్చి, తన అలవాటు ప్రకారం ఎదురుగా నిలబడి అడిగారు.

"మీ ఇంట్లో పెద్ద హాలుందిగా?"

"మీకెలా తెలుసండీ?"

"మా అమ్మ మీ పొలాల్లో నాట్లు వేసింది. కాలవ అవతలి పాలెమే మాది. హాలు లోపల ఎలా ఉంటుందో మాకు తెలియదు. పెద్దదని మాత్రం బయటినుంచే తెలిసేది."

అన్నాళ్లూ ఆవిడ కింద పనిచేస్తున్నా ఆ సంగతి నాకు తెలియదు. ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు, ప్రాధేయపడడం అసలే లేదు. అడగడంలో కూడా మనిషి ఇంత నిటారుగా ఉండవచ్చని నేను మొదటిసారి చూశాను. ఆ సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్లి నాన్నగారికి చెప్పాను. పడక్కుర్చీలో కూర్చుని అంతా విన్నారు.

"ఎవరి కోసం ఇదంతా?"

"మా కరుణమ్మగారి తల్లి కోసమండీ. పాలెంలో సువార్తమ్మ."

ఆ పేరు వినగానే ఆయన పడక్కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు. తర్వాత, "ఏ గోడ కావాలి?" అన్నారు.

"తాతగారి పటాలున్న గోడండీ. అదొక్కటే తెల్లగా ఉంది."

"అడిగింది గోడే గదా. ఇచ్చేద్దాం. మనకి మిగిలినవి గోడలేగా!"

పొద్దున నేను లేచేసరికి ఆయన హాల్లో నిలబడి, మనిషిని పెట్టి పటాలు దించిస్తున్నారు. ఒక్కో పటాన్నీ తన పైపంచతో తుడిచి వసారాలో గోడకి ఆనించారు. చివర దించింది తాతగారి నిలువెత్తు చిత్రం. చేతిలో తుపాకి, కాలి కింద చిరుతపులి. అది ఉన్నచోట గోడ మీద, మిగతా సున్నం కంటే తెల్లగా, తలుపంత చదరం ఒకటి బయటపడింది.

మధ్యాహ్నం కిటికీలన్నిటికీ గోనెపట్టాలు కట్టి చీకటి చేశాం. బెజవాడనుంచి సొసైటీవాళ్లు బస్సులో దిగారు. పాలెం నుంచి కూడా కొందరు వచ్చారు. కుర్చీలన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి కాబట్టి జంపఖానా మీదే అందరూ కూర్చున్నారు, పడక్కుర్చీలో నాన్నగారు తప్ప. సువార్తమ్మ కూతురి భుజం పట్టుకుని ఇంటి ముందరి మెట్లెక్కి వచ్చింది. చిన్న మనిషి. గుమ్మంలో ఆగి పైకప్పు దాకా చూసి, హాలంతా మారుమోగేట్టు అంది: "ఇంతేనా! ఇంకా పెద్దదనుకున్నానే!" అందరూ నవ్వారు. నాన్నగారి మీసం కూడా కదిలినట్టే అనిపించింది.

ఆట మొదలైంది. మధ్యలో వచ్చే అక్షరాలను తెలుగులో చదివి వినిపించడానికి సొసైటీ లాయరుగారొకాయన కాగితం పట్టుకుని నిలబడ్డారు. గోడ మీద ఆడవాళ్లు తెల్లవారుజామున రొట్టె కోసం బారులు తీరి ఉన్నారు. పైనుంచి మంచు పడుతోంది. ఆయన గొంతు సవరించుకునే లోపే సువార్తమ్మ అందుకుంది.

"ఏందే అది, పత్తా?"

కరుణమ్మగారు తల్లి వైపు పక్కకి తిరిగి, గోడ మీది వెలుగు తన మొహాన పడేట్టు కూర్చుని, పెదాలతో 'మంచు' అన్నారు.

"మంచా! చెప్పుల్లేకుండా నిలబెట్టారే తల్లుల్ని! అదుగో, ఆ లావుపాటోడు తలుపేసేస్తన్నాడు. రొట్టె దాచాడే, దొంగ సచ్చినోడు! నే చూశాగా!"

లాయరుగారు కాగితం ఎత్తారు. కరుణమ్మగారు చెయ్యి అడ్డం పెట్టారు. "చదవకండి. అమ్మ చెబుతోంది."

చెవులు లేని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆ హాల్లో ఆ పూట వినిపించిన గొంతు అదొక్కటే. ప్రొజెక్టరు టకటక, ఆవిడ మాట. ఎవరూ ఉష్ అనలేదు. ఆ దేశం ఎక్కడుందో ఆవిడకు తెలియదు. కానీ గోడ మీద ప్రతి మనిషీ ఏం చేయబోతున్నాడో ముందే చెప్పేస్తోంది. పని మానేసి గేటు ముందు కూర్చున్న జనం కనిపించగానే మోకాళ్ల మీద లేచింది.

"మనం కూకోలా, ఈ వాకిట్లో? ఇట్టాగే! కూలి పెంచమని, పొద్దు వాలిందాకా! నువ్వు నా ఒళ్లో పాలు తాగతన్నావు. పెద్దదొర పైన నిలబడి తుపాకి ఎత్తలా?"

మా ఇంట్లో ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు. నాన్నగారి వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. గోడ మీద సిపాయిల వరుస. అందులో ఒక కుర్రవాడి మొహం పెద్దదవుతూ వచ్చి, సరిగ్గా తాతగారి చిత్రం ఉన్న ఆ తెల్ల చదరం నిండా నిలిచింది. తుపాకి గురి చూస్తున్నాడు. కళ్లు మాత్రం వణుకుతున్నాయి.

"దించరా నాయనా" అంది సువార్తమ్మ. అరవలేదు, బతిమాలింది. "దించు. నీ తల్లి లాంటిదిరా. దించయ్యా."

అతను దించాడు. ఎప్పుడో, ఎక్కడో, నేను పుట్టకముందే తీసిన బొమ్మ అది. అయినా ఆవిడ అడిగింది కాబట్టే దించాడని నాకు ఆ క్షణాన అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. పాలెంవాళ్లలో ఎవరో వెక్కారు. తర్వాత పట్నాలు తిరిగి ఎన్నో గొప్ప సినిమాలు చూశాను. ఇదే సినిమాను పెద్ద తెర మీద, వాద్యబృందంతో కూడా చూశాను. అంత సంగీతంలోనూ నాకు ఏదో తక్కువైంది.

రీళ్లయిపోయి గోనెపట్టాలు తీశాక వెలుగు లోపలికి వచ్చింది. సువార్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ జంపఖానా మీదే కూర్చుని ఉంది. నాన్నగారు కుర్చీలోంచి లేచారు. పక్కనున్న చేతికర్ర తీసుకోలేదు. ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడి ఏదో అన్నారు. ఆవిడ వేరేవైపు చూస్తోంది. కరుణమ్మగారు చెప్పబోయారు. నాన్నగారు చెయ్యెత్తి ఆపారు. అప్పుడు, నా జీవితంలో మొదటిసారి, మా నాన్నగారు నడుం వంచడం చూశాను. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, ఆవిడ మొహానికి ఎదురుగా తన మొహం వచ్చేదాకా వంగి, పెద్దగా, విడివిడిగా పలికారు.

"భోజనం చేసి వెళ్లండి."

మా ఇంట్లో పాలెం మనుషులతో ఎవరూ 'అండి' అనలేదు, అప్పటిదాకా. సువార్తమ్మ ఆయన పెదాల వంక చూసి, కళ్లలోకి చూసింది.

"అరవమాకండి దొరా" అంది. "కనపడతానే ఉంది."

ఆ సాయంత్రం ఆవిడ అదే హాల్లో విస్తరి ముందు కూర్చుని తింది, పప్పులో ఉప్పు చాలలేదని గట్టిగా చెప్పి మరీ. బస్సు దాకా సాగనంపుతూ నేను కరుణమ్మగారిని అడిగాను, ఆ రోజు వాకిట్లో తాతగారు కాల్చారా అని. ఆవిడ గొడుగు చంకలో సర్దుకుని, ఆగి, నాకు ఎదురుగా తిరిగారు.

"లేదండీ. కాల్చాల్సిన పని పడలేదు. అందరూ లేచి వెళ్లిపోయారు. ఆ ఏడు పాత కూలికే నాట్లు వేశారు." రెండడుగులు వేసి మళ్లీ అన్నారు: "మా అమ్మ దాన్ని ఓడిపోవడంగానే చెప్పేది ఎప్పుడూ. ఈ రోజు గెలిచినట్టుగా చూసింది. చాలండీ నాకు."

పటాలు మళ్లీ గోడెక్కలేదు. అడిగితే, "మేకులు వదులైపోయాయిరా" అనేవారు నాన్నగారు. నేనే కొట్టి చూశాను, గట్టిగానే ఉన్నాయి. ఆ మాట ఆయనతో అనలేదు. తర్వాత ఇల్లూ పోయింది. సువార్తమ్మ, నాన్నగారు, చివరికి కరుణమ్మగారూ వెళ్లిపోయారు. ఆవిడ కూర్చున్న కుర్చీలో నేను కూర్చుని రిటైరయ్యాను. వెనక గోడకి మాత్రం మళ్లీ ఎప్పుడూ పాఠం చెప్పలేదు.

ఇప్పుడు నా నడుం నిజంగానే బిగుసుకుపోయింది. వంగకండి అని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా వీధి చివర పూలమ్మే ముసలావిడ నేల మీద కూర్చుంటుంది, ఆవిడకీ సరిగా వినపడదు. రోజూ పొద్దున వెళ్లి, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, మొహానికి మొహం వచ్చేదాకా వంగి అడుగుతాను, మల్లెలున్నాయా అండీ అని. లేవడానికి కొంచెం సమయం పడుతుంది. ఆవిడ నవ్వి చెయ్యి అందిస్తుంది. పట్టుకుని లేస్తాను.