తెల్ల పరదా హోటల్

మా టైలరింగ్ కొట్టు పక్కన హోటల్ నడిపిన అక్క మొన్న దవాఖానలో కన్నుమూసింది. పొద్దున ఛాతీలో నొప్పి అంటే ఆటోలో తీసుకుపోయారు. మధ్యాహ్నం ఆమె కొడుకు ఫోన్ చేసి, "అమ్మ లేదు చిన్నమ్మా" అన్నాడు. అప్పుడు కోస్తున్న జాకెట్ గుడ్డ ఇప్పటికీ సగంలోనే ఉంది.

గోదావరిఖనిలో మా రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి పోతే చాలు, ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాల్సిందే. అందుకే ఇక్కడ కొట్లకు అన్నీ ముదురు రంగులే. భర్త మంచాన పడ్డాక, ఇల్లు గడవడానికి అక్క ఇడ్లీ పొయ్యి పెట్టింది. ఈ దుమ్ములో ఎవరు తింటారని జనం ముందుకు పోయేవారు. వండింది వండినట్టే మిగిలేది. ఒకనాడు నా దగ్గరికొచ్చి వాకిలికి తెల్ల పరదా కుట్టమంది.

"కాఫీ రంగుది కుడ్త అక్కా. మురికి కనవడదు," అన్నాను.

"కనవడాలె చెల్లె. మురికి కనవడని గుడ్డ మీద సాఫ్ ఎట్ల కనవడ్తది? రుచి తిన్నంక తెలుస్తది. లోపలికి రావాల్నా వద్దా అన్నది పరదా చూసే అనుకుంటరు."

ఈమెకు తిక్క అనుకుంటూనే కుట్టాను. రోజూ సాయంత్రం విప్పి ఉతికేది, పొద్దున్నే కట్టేది. మెల్లగా బల్లలు నిండాయి. పేరు లేని ఆ కొట్టుకు 'తెల్ల పరదా హోటల్' అని జనమే పేరు పెట్టారు. నల్లా నీళ్లు రాక పరదా ఉతకని రోజు హోటల్ తెరిచేది కాదు.

"పరదా కోసం గిరాకి పోగొట్టుకుంటవా?" అని కోప్పడితే, "మురికి ఉతికితే పోతది. జనం మనసుల అనుకున్నది ఎంత ఉతికినా పోదు చెల్లె," అంది.

కొడుకు ముచ్చటపడి, మెరిసే ఇడ్లీల ఫోటోతో ఫ్లెక్సీ కట్టించాడు. అక్క దాన్ని ఎగాదిగా చూసి, "గీ ఎర్ర చట్నీ మన దగ్గర ఏదిరా? రేపు అడిగితే ఏం పెడ్తవ్?" అని విప్పించి పొయ్యి కట్టెల మీద కప్పింది.

నా కొట్టు ముందు వేలాడే గుడ్డపేలికలు తీయించింది కూడా ఆమే. ఆమె పోరు పడలేక అద్దం తుడిచి, మంచి జాకెట్ ఒకటి తగిలించాను. అటుగా పోయే ఆడవాళ్లు ఆగి చూడడం మొదలైంది. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. ఇప్పుడు అందామంటే మనిషి లేదు, ఏడుపొస్తోంది.

దవాఖానకు పోయిన నాడు పరదా విప్పే తీరిక ఎవరికీ లేకపోయింది. మూసిన తలుపు ముందు అట్లాగే వేలాడుతూ బొగ్గు రంగుకు తిరిగింది. నిన్న గని డ్యూటీ దిగి, రోజూ ఇక్కడ తినే ఒక పెద్దాయన వచ్చాడు. ఆమె పోయిన సంగతి తెలిసినట్టు లేదు. ఎప్పటిలాగే మసి చేతులు వెనక్కి పెట్టుకొని, మోచేత్తో పరదా తప్పించాడు. తాళం చూశాడు. అంత నల్లబడిన గుడ్డకు కూడా చెయ్యి తగలనీయకుండా, మోచేత్తోనే మెల్లగా వదిలాడు.