హెపటైటిస్ మెషీన్ మీద రెండు వేలు

2023లో నందిగామలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ విభాగానికి ఇన్‌చార్జిగా ఉన్నాను. కొత్త టెక్నీషియన్‌కు అక్కడ మొదటి జీతం పదమూడు వేలు. పీఎఫ్, ఈఎస్ఐ కోతలు పోగా చేతికి వచ్చేది ఇంకొంత తక్కువ. హెపటైటిస్-బి ఉన్న రోగులకు మెషీన్ వేరుగా ఉంటుంది. దాని మీద పనిచేసేవారికి నెలకు రెండు వేలు రిస్కు అలవెన్సు. మాది రక్తంతో పని. రోగికి వాడిన సూది గుచ్చుకుంటే ఆ వైరస్ సోకవచ్చు.

డిప్లొమా పూర్తిచేసి వీరులపాడు నుంచి వచ్చిన శిరీష ఆ మెషీనే కావాలంది. కారణం సూటిగా చెప్పింది. వాళ్ల ఊరి మొదటి బస్సు మా మొదటి షిఫ్టు వేళకు రాదు. నందిగామలో గది తీసుకోవాలి. ఆ రెండు వేలు ఉంటేనే గది.

టీకా సంగతి అడిగితే, కాలేజీలో మూడు డోసులూ వేశారని చెప్పింది. టీకా వేయడం ఒకటి, అది పనిచేయడం మరొకటి. రెండోది తేల్చడానికి యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్ అనే రక్తపరీక్ష ఉంది. టీకా వల్ల ఒంట్లో తయారైన యాంటీబాడీ ఎంత ఉందో అది చెబుతుంది. కనీసం పది ఉండాలి. ఆమెకు నాలుగు వచ్చింది.

"అంటే నాకు ఉద్యోగం లేదా సార్?"

"ఉద్యోగం ఉంది. ఆ మెషీన్ మీద మాత్రం ఇప్పుడే కాదు."

"జగ్గయ్యపేటలో అయితే రేపే చేరమన్నారండి. అదే మెషీను, అవే డబ్బులు. టెస్టూ గిస్టూ ఏం లేదు."

"వాళ్లు అడగనంత మాత్రాన నీ నంబరు పెరుగుద్దా?"

"నంబరు అడక్కపోయినా గది అద్దె అడుగుతారుగా సార్."



నిజానికి నాలుగు వచ్చినంత మాత్రాన రక్షణ లేదని రుజువైనట్టు కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఈ సంఖ్య తగ్గుతుంది. శరీరం టీకాను గుర్తుంచుకునే ఉండవచ్చు. మరో డోసు వేసి, నెల తర్వాత మళ్లీ పరీక్షిస్తే తెలుస్తుంది. ఖర్చు కోసం మేనేజరు దగ్గరకు వెళ్లాను. రిస్కుకే కదండీ అలవెన్సు ఇస్తున్నాం, అన్నాడాయన. అలవెన్సు వైరస్‌ను ఆపదని చెప్పాను. డోసుకూ పరీక్షకూ ఒప్పుకున్నాడు. ఆ నెల అలవెన్సుకు ఒప్పుకోలేదు. నా చేతిలో ఉన్నది షిఫ్టు మార్చడమే. బస్సులో వచ్చి వెళ్లేలా ఆమెను రెండో షిఫ్టులో, మామూలు మెషీన్ల మీద వేశాను. నంబరు పెరుగుతుందని మాత్రం మాట ఇవ్వలేదు.

శిరీష జగ్గయ్యపేట వెళ్లలేదు. నెల తర్వాత నూట ఎనభై వచ్చింది. రిపోర్టు రెండుసార్లు చదువుకుని, "అలవెన్సు ఈ నెల నుంచా సార్, వచ్చే నెల నుంచా?" అని అడిగింది.

ఈ కోర్సు చదివే పిల్లలు మొదటి జీతం ఎంతని నన్ను అడుగుతుంటారు. చెబుతాను. టీకా, టైటర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో చేరకముందే కనుక్కోమని కూడా చెబుతాను. శిరీష నంబరు పెరిగింది కాబట్టి జగ్గయ్యపేటలో చేరినా ఏమీ అయ్యేది కాదని ఎవరైనా అనవచ్చు. అది ఇప్పుడు తెలిసిన సంగతి. ఆ రోజు ఆమెకూ తెలియదు, రేపే చేరమన్నవాళ్లకూ తెలియదు.